మందు కేసులు తీసేసిన సరాసరి

ఆ ఉదయం క్యాజువాలిటీ బయటి హాల్లో ఉన్నవి, ఉన్నవారు: నేలకు బోల్టులు బిగించిన ఇనుప కుర్చీలు, నాలుగు వరుసలు. టోకెన్ యంత్రం. అది మొరాయించినప్పుడు వాడుకునే అట్టముక్కల కట్ట. గేటు దగ్గర గార్డు. మొదటి బల్ల వెనక స్టాఫ్ నర్సు, ఆమె ముందు బీపీ యంత్రం, మూడు రంగుల పట్టీలు. చేయి విరిగిన బడిపిల్ల, ఆ పిల్లను తీసుకొచ్చిన టీచరమ్మ. ఒకప్పుడు గనిలో పనిచేసిన ముసలాయన, దగ్గుతూ. ఆయన వీపు రాస్తూ, మెడలో సిలువ గొలుసుతో ఆయన భార్య. బైకు మీంచి పడి మోకాళ్లు చీరుకున్న ఇద్దరు కుర్రాళ్లు. గోడ మీద ఎర్ర అంకెల బోర్డు. దాన్ని పెట్టించింది నేనే. మూడో వరుస చివరి కుర్చీలో మా నాయన, ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, తెల్ల పంచె, నున్నగా దువ్విన తడి జుట్టు. పక్కన అమ్మ. నాయన ఒంట్లో పురుగుల మందు. ఈ చివరి సంగతి వాళ్లిద్దరికి తప్ప ఆ హాల్లో ఎవరికీ తెలియదు.

నేను డాక్టర్ని కాను. చదివింది ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్. ఒక యంత్రం దగ్గర సరుకు ఎందుకు పేరుకుపోతుంది, ఎక్కడ ఒక మనిషిని అటు నుంచి ఇటు జరిపితే పని సాఫీగా నడుస్తుంది, ఇవి మాకు నేర్పే విషయాలు. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఉన్న ఆ ఆస్పత్రి వాళ్లు నన్ను తీసుకున్నది క్యాజువాలిటీలో జనం ఆగే సమయం తగ్గించడానికి. మా ఊరు కామసముద్రం పక్కన. రోజూ బైకు మీద వచ్చి పోయేవాణ్ని. ఆఫీసు గది కిటికీలోంచి, బంగారం తీశాక మిగిలిన గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బలు కనిపించేవి, గాలి తోలితే కిటికీ మూసుకునేవాళ్లం.

చేరిన కొత్తలో నేను చేసిన పనులు ఇవి. వచ్చినవాళ్లను వచ్చిన వరుసలో కాకుండా రోగాన్ని బట్టి మూడు రంగులుగా విడగొట్టాను: ఎరుపు వెంటనే లోపలికి, పసుపు అరగంటలోపు, ఆకుపచ్చ వీలైనప్పుడు. కుట్లు వేసే సామాను మూడు బీరువాల నుంచి తీసి ఒకే తోపుడు బల్ల మీదికి చేర్చాను. డబ్బు కట్టే కిటికీని దారికి అడ్డం లేకుండా జరిపించాను. బంధువులకు వేరే నిలబడే చోటు గీశాను. ఇంకొకటి, పలుకుబడి. కౌన్సిలర్ పేరు చెప్పి, యూనియన్ పేరు చెప్పి, లోపల పనిచేసే ఆయా మా చెల్లెలని చెప్పి ముందుకు దూరేవాళ్లు రోజూ ఉండేవారు. దానికి నాలుగు భాషల్లో బోర్డు రాయించాను. తెలుగు వాక్యం నాదే: సిబ్బంది బంధువులకూ ఇదే వరుస.

ఇవన్నీ పనిచేశాయి. అది అబద్ధం కాదు. పని చేయనిది ఒకటే, మందు కేసులు.

మా వైపు ఎక్కడ చూసినా టమాటా. టమాటా ఉన్నచోట పురుగుల మందు ఉంటుంది. రేటు పడిన వారాల్లో తాగినవాళ్లు వస్తారు, ఎండాకాలంలో కొడుతూ ఒళ్లంతా తడుపుకున్నవాళ్లు వస్తారు. ఒక్కరు వస్తే చాలు. ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు, ఒక మంచం గంటల తరబడి అక్కడే. విషం కేసంటే పోలీసులకు చెప్పాలి, కానిస్టేబుల్ వస్తాడు. ఊరు ఊరంతా ఒక టెంపోలో దిగుతుంది, టెంపో గేటుకు అడ్డంగా నిలుస్తుంది. ఆ పూట మిగిలిన అందరి నిరీక్షణా రెండింతలు, మూడింతలు అవుతుంది. బోర్డు మీద అంకె కళ్ల ముందే పెరుగుతుంది.

లెక్కల్లో ఇలాంటి వాటికి ఒక దారి ఉంది. మామూలు ధోరణికి దూరంగా పడే అంకెలను పక్కన పెట్టి మిగతావాటికి సరాసరి కట్టవచ్చు. కారణం రాస్తే చాలు. నేను కారణం రాశాను, మందు కేసులు వచ్చిన గంటలను పక్కన పెట్టాను. నెలవారీ నివేదికలో సరాసరి బాగా దిగింది. మేనేజ్‌మెంట్ మీటింగులో నాకు చప్పట్లు కొట్టారు. పక్కన పెట్టిన గంటల గురించి ఎవరూ అడగలేదు, నివేదిక చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్నా.

ఆ రోజు మా నాయన వచ్చాడని నాకు చెప్పింది స్టాఫ్ నర్సు. కేజీఎఫ్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, ఇంట్లో తమిళం, మాతో తెలుగు. నా కంటే ఇరవై ఏళ్లు పెద్ద. నన్ను సార్ అనేది, కానీ ఆ పిలుపులో కొంచెం వెక్కిరింత ఉండేది.

"సార్, మీ అప్పా వచ్చిండారు. వాంతి, తలతిప్పు అంటా ఉండారు. బీపీ పరవాలేదు. ఎండదెబ్బో, గ్యాస్ట్రిక్కో. పసుపు కట్టినాను. లోపల పంపించేదా?"

నేను హాల్లోకి వచ్చి చూశాను. చూడగానే నాకు కలిగింది భయం కాదు. ఆ మాట ఇక్కడ రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు. నాకు కలిగింది ఊరట. నాయన శుభ్రంగా ఉన్నాడు. నేను కాలేజీలో ఉండగా ఒకసారి టమాటా మరకల బనియనుతో, మట్టికాళ్లతో హాస్టలుకు వచ్చి, మా వార్డెన్ ముందు నిలబడి నా పేరు చెప్పి అడిగాడు. ఆ రోజు నేను ఆయన్ని త్వరత్వరగా గేటు బయటికి తీసుకుపోయాను. ఈ రోజు తెల్ల చొక్కా, తెల్ల పంచె. నా తోటి ఉద్యోగులు చూసినా పరవాలేదు.

గార్డు కూడా అదే అన్నాడు. "ఏమి సార్, మీ నాయన పెండ్లికి పోతా దారిలో ఇట్ల వచ్చినాడా?"

నేను నవ్వాను.

"ఏమయింది?" అని నాయన్ని అడిగాను.

"ఏమీ లేదప్పా. కడుపులో తిప్పుతా ఉండాది. మీ అమ్మే గలాటా చేసి తోలుకొచ్చింది. నువ్వు పనిచూసుకో పో."

మాట ముద్దగా వచ్చింది. పొద్దున ఏమీ తినలేదేమో అనుకున్నాను. అమ్మ మాటిమాటికీ కొంగు చివరతో ఆయన మూతి తుడుస్తోంది. ఆయన నుదురు కూడా తుడుస్తోంది. అంత మందిలో చిన్నపిల్లవాడిని తుడిచినట్టు తుడుస్తుంటే నాకు ఇబ్బందిగా అనిపించింది.

"అమ్మా, ఊరికే తుడవద్దు. ఆయనేం పసివాడా?"

అమ్మ కొంగు దించింది. నా వైపు చూడలేదు.

"సార్, చెప్పండి, పంపించేదా?" నర్సు మళ్లీ అడిగింది. "ఎవరూ ఏమీ అనరు. మీ అప్పా కదా."

మూడో వరుసలోంచి గని ముసలాయన భార్య అటే చూస్తోంది. ఆయనదీ పసుపు పట్టీనే, మాకంటే ముందు టోకెను. నా తల పైన గోడ మీద నా తెలుగు వాక్యం ఉంది.

"వద్దు. వరుసలోనే రానీ," అన్నాను. ఆ మాట కావాలనే కొంచెం గట్టిగా అన్నాను, వినేవాళ్లు వినాలని.

నర్సు భుజాలు ఎగరేసింది. "మీ ఇష్టం సార్. రూలంటే మీరే."

నేను నా గదికి తిరిగి వెళ్లాను. ఏదో ఫైలు తెరిచాను. లోలోపల తృప్తిగానే ఉంది, నా నియమం నా ఇంటికి కూడా వర్తించిందని. మధ్యాహ్నం భోజనంలో ఎవరితోనైనా ఈ సంగతి ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను.

గార్డు అరుపుకు బయటికి పరుగెత్తాను. నాయన కుర్చీలోంచి పక్కకు జారి అమ్మ ఒళ్లోకి ఒరిగిపోయాడు. తెల్ల చొక్కా మీద వాంతి. నోటి నుంచి నురుగులాగా చొంగ. కుర్రాళ్లిద్దరూ చీరుకున్న మోకాళ్లతోనే లేచి ఆయన్ని పట్టుకుని స్ట్రెచర్ మీదికి ఎక్కించారు. డ్యూటీ డాక్టరు, మాలూరు వైపు ఆయన, టార్చి వేసి నాయన కళ్లు విప్పి చూశాడు. కంటిపాపలు గసగసాల గింజంత అయిపోయి ఉన్నాయి. డాక్టరు ఒంగి చొక్కా వాసన చూశాడు, మెడ దగ్గర చూశాడు, జుట్టు చూశాడు. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

"ఏం మందమ్మా?" అని అమ్మను అడిగాడు.

"మందేమీ లేదు స్వామీ."

"తాగినాడా?"

"ఏమీ లేదు. కడుపునొప్పి."

డాక్టరు నా వైపు తిరిగాడు. "మీరు అడగండి. బేగ, టైము లేదు."

"అమ్మా."

అమ్మ నా ముఖం చూసింది. తర్వాత చుట్టూ ఉన్నవాళ్లను చూసింది, నర్సును, గార్డును, టీచరమ్మను. గొంతు బాగా తగ్గించి నాకొక్కడికే చెప్పినట్టు చెప్పింది.

"తాగలేదు నాయనా. నీ మీద ఒట్టు. కొట్టినాడు. టమాటాకు కొడతా ఉంటే డబ్బా మూత వాషర్ పోయి వీపంతా కారింది. తాగలేదు."

డాక్టరుకు అంతే చాలు. లోపలికి తోసుకుపోయారు. మొదటి సూది పడింది. తర్వాత ఏ మందు ఇవ్వాలో తేలాలంటే పురుగుల మందు సీసా మీద పేరు కావాలన్నాడు డాక్టరు. సీసా యాడుందని నేను అమ్మను అడిగాను. నా నోట్లోంచి ఊరి మాటే వచ్చింది. గడ్డివామిలో దాచిపెట్టిందట. పక్కింటి మామకు ఫోను చేశాను. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"రేయ్, ఎర్ర మూత, పురుగు బొమ్మ ఉండాది. ఇంగేం చెప్పేది నేను?"

"ఫోటో తీసి పంపు మామా."

"కళ్లజోడు యాడ పెట్టినానో. తాళు."

ఆ ఫోటో వచ్చేదాకా నేను ఫోను తెర మీంచి కళ్లు తీయలేదు. వచ్చింది. మసకగా ఉన్నా పేరు చదవడానికి వీలైంది. డాక్టరుకు చూపించాను.

తర్వాత మూడు రోజులు నాయన ఐసీయూలో ఉన్నాడు. మొదటి రెండు రోజులు ఊపిరికి గొట్టం వేశారు. బతుకుతాడో లేదో డాక్టరు చెప్పలేదు, చూద్దాం అన్నాడు. ఆ రెండు రోజులూ నేను గాజు తలుపు బయట నిలబడ్డాను. బంధువులు నిలబడాలని నేనే నేల మీద గీయించిన పసుపు గీతకు ఇవతల. ఆ గీత చాలా దూరంగా ఉంటుంది. నాయన కాళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఇంత దూరం ఎందుకు పెట్టానో నాకు గుర్తుంది. ఒక ఇంజక్షన్ ట్రాలీ తిరగడానికి ఎంత జాగా కావాలో కొలిచి, దానికి కొంత కలిపాను.

స్నానం గురించి నేను డాక్టరును అడిగాను. వాసన పోయేలా స్నానం చేయించడం వల్లే ఇంత అయిందా అని. నా గొంతులో అమ్మ మీద కోపం ఆయనకు వినిపించే ఉంటుంది.

"స్నానం చేయించి మంచి పనే చేసింది మీ అమ్మ," అన్నాడు. "బట్టలు విప్పి సబ్బుతో కడగడం ఇక్కడైనా మేము మొదట చేసే పని. చర్మం మీద ఉండేదంతా పోయింది. అది చేయకుండా ఉంటే ఇంకా కష్టమయ్యేది. కానీ కడిగి ఊరుకోలేదు కదా. తల దువ్వి, ఇస్త్రీ బట్టలు కట్టి, కడుపునొప్పి అని చెప్పినారు. ఒక మాట నిజం చెప్పుంటే గేటు దగ్గరే ఎరుపు పట్టీ పడేది."

ఆయనే మళ్లీ అన్నాడు. "అందరూ ఇంతే. మందు అంటే పోలీసులు అని భయం. కొట్టినా తాగినాడనే అంటారు ఊళ్లో. మీ ఇంట్లోనూ అదే అయ్యుంటుంది."

నేనూ అదే అనుకున్నాను. టమాటా రేటు పడిపోయిన వారం అది. నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. తాగినాడని పేరు పడితే సంబంధం తప్పిపోతుందని అమ్మ భయపడి ఉంటుంది. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండింది. అది ఊరి తప్పు, జనం తప్పు, తెలియనితనం.

గొట్టం తీసిన రోజు కానిస్టేబుల్ వచ్చాడు, వివరాలు రాసుకోవడానికి. నాయన గొంతు ఇంకా గరగరలాడుతోంది.

"నిజం చెప్పు పెద్దాయనా. కొట్టినావా, తాగినావా?"

"తాగాలంటే రేటు ఇంగా పడాలప్పా," అన్నాడు నాయన. "ఇప్పుడు సుమ్నే, ఊరికే కొట్టే రేటే."

కానిస్టేబుల్ నవ్వి రాసుకున్నాడు. నర్సు కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆ సాయంత్రం నాయన బతికాడని అమ్మకు నమ్మకం కుదిరింది. మెట్ల మీద కూర్చుని నాకు టిఫిన్ డబ్బా విప్పింది, రాగి సంగటి, చారు. మూడు రోజులుగా ఆమె సరిగ్గా తినలేదు. అప్పుడు అడిగాను.

"పోలీసులకు భయపడి చెప్పలేదా అమ్మా? నేను ఇక్కడే ఉన్నాను కదా. నాతోనైనా చెప్పాల్సింది."

"నీతో ఎట్ల చెప్పేది?"

"ఎందుకు?"

అమ్మ సంగటి ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. తర్వాత చెప్పింది. చెబుతున్నప్పుడు తప్పు తనదన్నట్టే చెప్పింది.

"నువ్వే గదప్పా ఆ దినం అన్నం తింటా చెప్పినావు. ఈ మందు కేసులోళ్లు ఒకరు వస్తే చాలు, ఆ దినం నా లెక్కంతా పాడు, అని. బోర్డు మీద నెంబరు పైకి పోతాదని. టెంపో నిండా మురికి గుడ్డలతో దిగుతారు, వాసన తట్టుకోలేము అని. మీ నాయన విన్నాడు, నేనూ విన్నాను. ఆయనే అన్నాడు, గట్టు మీద పడిపోయి కూడా, వాంతి చేసుకుంటా కూడా. వాడి ఆస్పత్రికి ఇట్ల పోకూడదు, నీళ్లు పొయ్యి, ఆ తెల్ల చొక్కా తియ్యి, అని. మన ఇంటోళ్ల వల్ల నీ లెక్క పాడయితే నలుగురిలో నీకు తలవంపు గదా. అందుకే కడుపునొప్పి అన్నాము. కడుపునొప్పి అయితే నీకు ఇబ్బంది లేదు గదా?"

అది నిజంగా ప్రశ్నే. ఆమె జవాబు కోసం ఆగింది.

నేను ఆ మాటలు అన్నానా? అన్నాను. ఏ రోజో గుర్తు లేదు. రోజూ ఏదో ఒకటి చెబుతూ తినేవాణ్ని, వాళ్లిద్దరూ వింటూ తినేవాళ్లు. వాళ్లకు నా పని అర్థమయ్యేది కాదని నేననుకునేవాణ్ని. వాళ్లకు అర్థమైంది. నేను ఎలా చెప్పానో అలాగే, తేడా లేకుండా అర్థమైంది. ఆస్పత్రిలో నాకు అడ్డమైన రోగులు కొందరు ఉన్నారని, వాళ్లు తమలాంటి వాళ్లేనని.

నేను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"తిను. ఆరిపోతాది," అంది అమ్మ.

తర్వాత నా బల్ల దగ్గరికి వెళ్లి నాయన వచ్చిన రోజు లెక్క తెరిచాను. నాయన పసుపు పట్టీ మనిషి. పసుపుకు మేము పెట్టుకున్న గడువు అరగంట. టోకెను తీసిన తర్వాత ఆయన దగ్గరికి డాక్టరు వచ్చేసరికి ఆ అరగంట ఇంకా నిండలేదు. నా పట్టిక ప్రకారం ఆలస్యం జరగలేదు. ఆకుపచ్చ టిక్కు పడింది. ఆ తర్వాత రోగం పేరు మారింది, కడుపునొప్పి కాదని, విషమని. పేరు మారగానే నేను రాసిన సూత్రం తన పని తాను చేసింది. నాయనను, ఆయన చుట్టూ ఉన్న గంటలను సరాసరిలోంచి తీసేసింది. ఆ రోజు అంకె, నాయన లేకుండా, చాలా బాగుంది.

ఆ సూత్రాన్ని కొట్టేశాను. పాత నెలల్లో తీసేసిన గంటలన్నీ తిరిగి చేర్చాను. బోర్డు మీద అంకె పెరిగింది. మేనేజర్ పిలిచి అడిగాడు, నువ్వే తగ్గించి నువ్వే పెంచుతావేంటి అని. ముందు చూపించింది సరైనది కాదని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. దాని వల్ల కొన్ని మాటలు పడ్డాను. అది నాకు శిక్షలా అనిపించలేదు, కనుక దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

మొదటి బల్ల దగ్గర అడిగే ప్రశ్నల్లో ఒకటి మార్చాం. ఏమైంది అనే ప్రశ్నకు ముందు, ఈ రోజు పొద్దున మీరు ఏ పని చేస్తూ ఉన్నారు అని అడగాలి. ఇది నేనూ నర్సూ కూర్చుని అనుకున్నది. పని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. టమాటాకు కొడుతున్నాను అంటారు. అప్పుడు కళ్లు చూస్తారు. ఆ ప్రశ్న పెట్టాక స్టాఫ్ నర్సు నాతో, "ఇదైనా ముందే పెట్టుండచ్చు గదా సార్," అంది. ఆ సార్‌లో వెక్కిరింత లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

నాయన ఇంటికి వచ్చాక కొన్ని వారాలు కాళ్లలో బలం లేకుండా ఉన్నాడు. వరండాలో నులక మంచం మీద పడుకుని టమాటా తోటకు ఎవరు నీళ్లు కట్టారో, ఎవరు కట్టలేదో కేకలు వేసి అడిగేవాడు. ఒక ఆదివారం నేను పక్కన కూర్చుని ఆ పొద్దు సంగతి మొదటి నుంచి అడిగాను. నాకు వేరే పని చేతకాదు. సమయాలు అడిగాను.

"గట్టు మీద ఎప్పుడు కూర్చున్నావు నాయనా?"

"నాకేం తెలుసు? గడియారం కట్టుకోని కొడతారా ఎవరైనా?"

"డైరీలో పాలు పోసి వచ్చేసరికి కూర్చోని ఉండాడు," అంది అమ్మ చిక్కుళ్లు ఒలుస్తూ. "డైరీలో నాదే చివరి క్యాను. నేను పోసినాక మూసేసినారు."

డైరీ ఎప్పుడు మూస్తారో నాకు తెలుసు. వాళ్లను ఆస్పత్రికి తెచ్చిన టెంపోకు ఫోను చేసిన సమయం పక్కింటి మామ ఫోనులో ఉంది. టోకెను సమయం ఆస్పత్రి యంత్రంలో ఉంది.

"స్నానానికి ఎంతసేపు పట్టింది?"

"నీళ్లు కాగాల గదా," అంది అమ్మ. "చన్నీళ్లు పోస్తే జొరం వస్తాదని కాగబెట్టినాను. తర్వాత చొక్కా దొరకలేదు. మడత సరిలేదని నేనే మళ్లా ఇస్త్రీ చేసినాను. ఆయన గోడకు ఆనుకోని కూర్చోని ఉండాడు."

"వాంతులు అవుతూనే ఉన్నాయా?"

"రెండు మాట్లు."

"ఇస్త్రీ చేస్తున్నప్పుడా?"

అమ్మ చిక్కుడుకాయ పట్టుకుని ఆగింది. నాయన మంచం మీంచి నా వైపు తిరిగాడు.

"ఇంగ చాలు రా," అన్నాడు. "మీ అమ్మకు అది చెప్పేది కష్టం. నీళ్లు పొయ్యమనింది నేను. చొక్కా తియ్యమనింది నేను. లెక్క కావాలంటే నా పేర రాసుకో."

నేను ఆపేశాను. కావలసినవి అప్పటికే దొరికాయి. పైకి ఏమీ రాయలేదు, మనసులోనే కూడుకున్నాను. గట్టు మీద కూర్చున్నప్పటి నుంచి మొదటి సూది పడేదాకా మా నాయన ఆగిన సమయం: ఒక గంట నలభై ఎనిమిది నిమిషాలు.